మందు రుచి తెలియకపోయినా ఆ పరీక్ష పాసవుతారు

మీ ప్రశ్నలోని సంగతి క్లుప్తంగా ఇది. తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ పూర్తయింది. కాలిఫోర్నియాలో ఒక హోటల్ రెస్టారెంటులో ఏడాది ఇంటర్న్‌షిప్ ఖాయమైంది, పని నేర్చుకోవడానికి వెళ్లేవారికిచ్చే జె-1 వీసా పని నడుస్తోంది. అక్కడ గెస్టు ముందు బీరో వైనో పెట్టాలంటే ఆర్‌బీఎస్ (రెస్పాన్సిబుల్ బెవరేజ్ సర్వీస్, అంటే బాధ్యతగా మద్యం వడ్డించడం) అనే సర్టిఫికేట్ ఉండాలని, దానికి పరీక్ష రాయాలని చెప్పారు. మీ ఇంట్లో ఎవరికీ తాగే అలవాటు లేదు, విస్కీకీ రమ్ముకీ తేడా మీకు తెలియదు. ఎలా చదవాలి, ఇంట్లో ఎలా చెప్పాలి అని అడిగారు.

మాది చిత్తూరు. నేనూ ఇదే దారిలో వెళ్లి దక్షిణ కాలిఫోర్నియాలో పనిచేసి వచ్చాను. ఇప్పుడు తిరుపతిలో హోటల్ ఉద్యోగం. ఇలా వెళ్లబోయే పిల్లలు సందేహాలతో నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు మొదట చెప్పే మాటే మీకూ చెబుతున్నాను. ఆ పరీక్షలో సీసాల గురించి అడిగేది చాలా తక్కువ. ఎదుట కూర్చున్న మనిషిని గమనించడం, సమయం వచ్చినప్పుడు మర్యాదగా ఆపేయడం, ఆ రెండింటినీ చట్టం ఎలా చూస్తుందో తెలుసుకోవడం, అసలు చదువంతా ఇదే. తాగనివాళ్లకు ఇందులో లోటేమీ లేదు. పైగా ‘నాకు తెలుసులే, నాలుగు పెగ్గులకు ఎవరికీ ఏమీ కాదు’ అనే ధీమా మీలో ఉండదు. చాలామంది జవాబులు తప్పేది ఆ ధీమా వల్లే.

నిబంధనలు త్వరగా చెప్పేస్తాను. కాలిఫోర్నియాలో 2022 జూలై 1 నుంచి బార్లలో, రెస్టారెంట్లలో మద్యం వడ్డించేవారికీ వారి మేనేజర్లకూ ఈ సర్టిఫికేట్ తప్పనిసరి. కొత్తగా చేరినవాళ్లు 60 రోజుల్లోగా తెచ్చుకోవాలి. ముందుగా ఆ రాష్ట్ర ఆల్కహాలిక్ బెవరేజ్ కంట్రోల్ శాఖ పోర్టల్‌లో 3 డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకోవాలి. ఆ శాఖ ఆమోదించిన సంస్థ దగ్గర శిక్షణ పూర్తిచేయాలి, దానికి ఫీజు వేరు. శిక్షణ ముగిసిన 30 రోజుల్లో పరీక్ష రాయాలి. 50 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్, అంటే 35 సరైన జవాబులు. అవకాశాలు మూడు. మూడూ పోతే శిక్షణ మళ్లీ మొదటి నుంచి. సర్టిఫికేట్ మూడేళ్లు చెల్లుతుంది. రెస్టారెంటులో వడ్డించడానికి 18 ఏళ్లు నిండితే చాలు, బార్‌టెండర్‌గా పనిచేయాలంటే 21 ఉండాలి.

ఒక్క జాగ్రత్త. మెల్‌బోర్న్‌లోనో మరోచోటో ఉన్న స్నేహితులు వాళ్ల నోట్సు పంపుతారు. ప్రేమతోనే పంపుతారు, కానీ ఈ పరీక్షకు అది పనికిరాదు. ఆస్ట్రేలియాలో తాగడానికి వయసు 18, ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్, మామూలు డ్రైవర్లకు రక్తంలో పరిమితి 0.05 శాతం. అమెరికాలో వయసు 21, డ్రింక్ 14 గ్రాములు, కాలిఫోర్నియాలో డ్రైవింగ్ పరిమితి 0.08. రెండు నోట్సులూ కలిపి చదివినవాళ్లు పరీక్షలో తడబడటం చూశాను. టెక్సస్ లాంటి ఇతర రాష్ట్రాల సర్టిఫికేట్లతో కూడా కాలిఫోర్నియాలో పని జరగదు.

ఇక అసలు చదువు. మొదట స్టాండర్డ్ డ్రింక్ లెక్కను గట్టిగా పట్టుకోండి, మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది. 5 శాతం బీరు 12 ఔన్సులు, 12 శాతం వైను 5 ఔన్సులు, 40 శాతం విస్కీ, రమ్ము, వోడ్కాలు ఒకటిన్నర ఔన్సు. చూడటానికి గ్లాసులు వేరైనా మూడింటిలోనూ ఉన్నది అదే 14 గ్రాముల ఆల్కహాల్. మిల్లీలీటర్లలో సుమారుగా 355, 148, 44. ‘బీరేగా, ఏమవుతుంది’ అన్న మాట ఇక్కడితో చెల్లకుండా పోతుంది. మన పెగ్గును దీని పక్కన పెట్టి చూడండి. పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్లు, మన సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. లెక్కకట్టి చూస్తే అది దాదాపు ఒకటిన్నర డ్రింకు. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి ఇంచుమించు మూడు డ్రింకులు. కాక్‌టెయిల్స్‌తో మరీ జాగ్రత్త. లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ చూడటానికి చల్లని టీలా ఉంటుంది, అందులో నాలుగైదు రకాల మద్యం పడుతుంది. గెస్టు తాగిన గ్లాసులను కాదు, గ్లాసుల్లోని డ్రింకులను లెక్కపెట్టాలి.

తర్వాత శరీరం. కాలేయం గంటకు సుమారు ఒక డ్రింకును మాత్రమే వదిలించుకోగలదు. దాన్ని తొందరపెట్టే ఉపాయం ఏదీ లేదు. కాఫీ, చన్నీళ్ల స్నానం, నడక అని అక్కడి ప్రశ్నపత్రంలో ఇస్తారు. నిమ్మరసం, పుల్లమజ్జిగ అని మన ఊళ్లో అంటారు. జవాబు ఒక్కటే: కాలం గడవాలి. కాఫీ తాగితే మెలకువగా ఉన్న తాగుబోతు అవుతాడు, అంతే. భోజనం మాత్రం ఉపయోగపడుతుంది, అయితే అది ముందే కడుపులో ఉండాలి. ఆల్కహాల్ ఎక్కువగా రక్తంలో కలిసేది చిన్న పేగుల్లో, ఆహారం ఉంటే అక్కడికి చేరడం ఆలస్యమవుతుంది. ఒకే బరువున్న స్త్రీ పురుషులు ఒకే మోతాదు తాగితే సాధారణంగా స్త్రీ రక్తంలో శాతం ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే శరీరంలో నీటి పాళ్లు తక్కువ. నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మందులు, గంజాయి మద్యంతో కలిస్తే ప్రభావం పెరుగుతుంది. కాలిఫోర్నియాలో పెద్దలు గంజాయి వాడటం చట్టబద్ధం కాబట్టి అక్కడ ఇది నిజంగా ఎదురయ్యే సమస్య.

గుర్తింపు కార్డుల దగ్గర మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. అమెరికాలో తేదీని నెల, రోజు, సంవత్సరం వరుసలో రాస్తారు. 05/11/2004 చూడగానే మనకు నవంబరు 5 అనిపిస్తుంది, అక్కడ అది మే 11. వయసు 21 దాటిందా లేదా అన్నది ఈ ఆరు నెలల తేడా మీదే ఆధారపడే ప్రశ్న రావచ్చు. ఇప్పటినుంచే మీ ఫోనులో తేదీని ఆ వరుసలోకి మార్చేసుకోండి, కళ్లు అలవాటుపడతాయి. ఈరోజు తేదీ నుంచి 21 ఏళ్లు వెనక్కి వెళ్లండి, ఆ రోజున గానీ అంతకుముందు గానీ పుట్టినవారికే ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు కాబట్టి ఆ అంకె మీకు కొత్త కాదు. కార్డు గడువు చూడాలి, ఫొటో ముఖంతో సరిపోతోందా చూడాలి, పర్సులోంచి బయటికి తీయించి చేతిలోకి తీసుకోవాలి. కాలిఫోర్నియాలో 21 నిండనివారి డ్రైవింగ్ లైసెన్సు నిలువుగా ఉంటుంది, మిగతావారిది అడ్డంగా. విదేశీ పాస్‌పోర్టు చెల్లుతుంది. ఏమాత్రం అనుమానం ఉన్నా అమ్మకం నిరాకరించవచ్చు. పోలీసులు 20 ఏళ్లు నిండని యువకులను గెస్టులుగా పంపి పరీక్షిస్తుంటారు. వాళ్లు కార్డు చూపితే తమ సొంత కార్డే చూపాలి, వయసు అడిగితే నిజమే చెప్పాలి. అడిగి, కార్డు శ్రద్ధగా చూసినవారికి ఇందులో ప్రమాదమే లేదు. చూడకుండా ఇచ్చినవారి మీద వ్యక్తిగతంగా క్రిమినల్ కేసు పడుతుంది. యజమాని చూసుకుంటాడులే అనుకోవడానికి వీల్లేదు.

మత్తు గుర్తుపట్టడాన్ని శిక్షణలో నాలుగు మెట్లుగా చెబుతారు. మొదట బిడియం పోతుంది, గొంతు పెరుగుతుంది. తర్వాత విచక్షణ సడలుతుంది: గబగబా తాగడం, పక్క టేబుల్‌వాళ్లతో వాదన. ఆపైన స్పందన మందగిస్తుంది, మాట ముద్దగా వస్తుంది, చూపు నిలవదు. చివరికి శరీరం అదుపు తప్పుతుంది, గ్లాసు ఒలుకుతుంది, అడుగు తూలుతుంది. మీ పని రెండో మెట్టు దగ్గరే మొదలుకావాలి. మంచినీళ్లు తెచ్చి పెట్టడం, తినడానికి ఏదైనా సూచించడం, తర్వాతి గ్లాసు తేవడంలో ఆలస్యం చేయడం. తూలేదాకా ఆగితే చేయి దాటిపోయినట్టే, ఎందుకంటే చివరి గ్లాసు ఇంకా రక్తంలోకి పూర్తిగా ఎక్కి ఉండదు. చక్కెర పడిపోయిన మధుమేహ రోగి కూడా ఇలాగే తూలవచ్చు, తడబడవచ్చు. దగ్గరికి వెళ్లి మాట్లాడకుండా నిర్ణయించకండి. స్పృహ లేకుండా, ఒళ్లు చల్లబడి, శ్వాస నెమ్మదించి ఉంటే అది నిద్ర అనుకోవద్దు. 911కి ఫోను చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, దగ్గరే ఉండాలి.

ఇప్పుడు మనకు అన్నిటికన్నా కష్టమైనది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. వద్దని చెప్పడం. మనం పెరిగిన పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. పంక్తిలో కూర్చున్నవారు విస్తరి మీద చేయి అడ్డం పెట్టినా ఇంకో గరిటె వేయడమే మనకు మర్యాద. హోటల్ చదువులోనూ గెస్టుకు లేదనకూడదనే నేర్పుతారు. అందుకే పరీక్షలో సందర్భం ఇచ్చి ఏం చేస్తావని అడిగితే మన చేయి మెత్తని జవాబు వైపు వెళుతుంది: ఇదే చివరిదని చెప్పి ఒకటి ఇవ్వడం, మద్యం పాళ్లు తగ్గించి కలిపి ఇవ్వడం. రెండూ తప్పే. మత్తులో ఉన్నట్టు స్పష్టంగా కనబడుతున్నవారికి మరొక గ్లాసు ఇవ్వడం కాలిఫోర్నియా చట్టం ప్రకారం నేరం, అది ఎంత చిన్న గ్లాసైనా.

సరైన పద్ధతి ఇది. మేనేజరుకు ముందు చెప్పండి. స్నేహితుల ఎదుట కాకుండా కొంచెం పక్కగా, గొంతు పెంచకుండా మాట్లాడండి. ‘మీరు ఎక్కువ తాగారు’ అనకండి, అది తీర్పు చెప్పడం, ఎవరికైనా పౌరుషం వస్తుంది. ‘ఈ రాత్రికి ఇక మద్యం ఇవ్వలేనండీ, భోజనం తెస్తాను, కారు పిలుస్తాను’ అనండి. మాట ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవద్దు, బేరానికి దిగవద్దు, ఒంటి మీద చేయి వేయవద్దు. తోటివాళ్లు ఆయన కోసం ఆర్డర్ చేస్తే దాన్నీ ఆపాలి. తాళాలు తీసుకుని బయల్దేరితే టాక్సీ ఏర్పాటు చేస్తామని చెప్పాలి, వినకుండా స్టీరింగ్ ముందు కూర్చుంటే పోలీసులకు ఫోను చేయాలి. జరిగింది రిజిస్టరులో రాయాలి. దీన్ని చదివి ఊరుకోవద్దు. స్నేహితుణ్ణి గెస్టుగా కూర్చోబెట్టి పైకి అనండి, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిషులో. ఆయన బతిమాలాలి, కోప్పడాలి, టిప్పు ఆశ చూపాలి. నా దగ్గరికి వచ్చే పిల్లల చేత ఇదే చేయిస్తాను. మొదట నవ్వుతారు, కాసేపటికి గొంతు స్థిరపడుతుంది. పరీక్షలో సందర్భాల ప్రశ్నలు ఆ తర్వాత చాలా తేలికవుతాయి.

నేను చిత్తూరులో చెన్నై–బెంగళూరు రహదారికి దగ్గరలో పెరిగాను. తాగి బండి నడిపినవాడి వల్ల ఏ పాపం తెలియనివాళ్ల ఇల్లు ఎలా కూలుతుందో ఆ రోడ్డు పక్క ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ చివరి గ్లాసు ఇవ్వకుండా ఆపగలిగినవాడు వడ్డించే మనిషే. అందుకే నాకు ఈ సర్టిఫికేట్ అంటే గౌరవం.

ఇంట్లో సంగతి. కొండ మీద మద్యమే నిషిద్ధం, ఆ కొండ కింద పెరిగి పరాయి దేశంలో మందు పోస్తావా అని మీ అమ్మగారు బాధపడితే ఆ బాధను తేలిగ్గా తీసుకోకండి. దాచనూ వద్దు. శిక్షణలో నేర్పేదంతా కూర్చోబెట్టి చెప్పండి: పిల్లలకు ఇవ్వకుండా ఎలా చూడాలి, మితిమీరినవారిని ఎలా ఆపాలి, క్షేమంగా ఇంటికి ఎలా పంపాలి. మా అమ్మకు నేను అలాగే చెప్పాను. పూర్తిగా ఒప్పుకుందని అనను, కానీ నేను చేసేది ఏమిటో తెలిసి పంపింది. ఇది మీకే మనస్కరించకపోతే దానికీ దారి ఉంది. మీ డీఎస్-7002 శిక్షణ ప్రణాళికలో ఏ విభాగంలో ఎన్నాళ్లు పనిచేయాలో రాసి ఉంటుంది. సంతకానికి ముందే కిచెన్ గానీ ఫ్రంట్ ఆఫీసు గానీ ఇవ్వమని అడగండి. వెళ్లాక మార్పించుకోవడం చాలా కష్టం.

పరీక్ష రోజు ప్రశ్నలో ‘ముందుగా’, ‘తప్ప’ అనే అర్థమిచ్చే మాటలుంటే ఆగి రెండోసారి చదవండి. నాలుగూ సరైన పనులే అయి, వాటిలో మొదట చేయవలసింది అడుగుతారు. తెల్లవారుజామున 2 గంటల నుంచి ఉదయం 6 దాకా అమ్మకూడదన్నది గుర్తుంచుకోండి. పోర్టల్‌లో పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు పూర్తి అక్షరాలతో నమోదు చేయండి. మన పేర్లు పొడవు కదా అని పొడి అక్షరాలతో కుదిస్తే, హోటల్ వాళ్లు సర్టిఫికేట్ సరిచూసేటప్పుడు పేరు కలవక ఇబ్బంది పడతారు.