కారు లేకుండా లెజెజీలో రెండు రోజులు

అమ్మానాన్నలతో ఫ్రాన్స్‌లోని లెజెజీ గ్రామంలో రెండు రోజులు ఉంటామనీ, కారు లేకుండా, ఆదిమానవులు గోడలమీద గీసిన బొమ్మలున్న లాస్కో గుహకు ఎలా వెళ్లాలనీ అడిగారు కదండీ. లాస్కో అసలు గుహను 1963లోనే మూసేశారు. ఇప్పుడు చూపించేది నకలు. చక్కని నకలే, కానీ దానికోసం అంత దూరం తంటాలు పడవద్దు. మీరు దిగే ఊరి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఫోన్-ద-గోమ్ గుహ ఉంది. అక్కడివి అసలు బొమ్మలు! వేల ఏళ్లనాటి ఆ బైసన్ల (అడవి ఎద్దుల) బొమ్మల ముందు నిలబడితే నోట మాట రాదు. రోజుకు కొద్దిమందినే లోపలికి పంపుతారు, టికెట్లు ముందే తీసుకోండి. చివర కొంత ఎక్కుడు ఉంది, పెద్దవాళ్లను నెమ్మదిగా నడిపించండి. లోపల వేసవిలోనూ చలే, స్వెట్టర్లు తప్పనిసరి. రెండో రోజు ఊళ్లోని మ్యూజియం, సాయంత్రం వెజేర్ నది ఒడ్డు. 1868లో క్రోమాన్యోన్ మానవుల (ఐరోపాలోని తొలి ఆధునిక మానవుల) ఎముకలు దొరికిన చోటు కూడా ఆ ఊళ్లోనే, రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఉంది.