గాలి పరుపు కొనడానికి కూడా తమ్ముణ్ణే అడగాలా?

ఉత్తరం: నాకు 39 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు కళాశాలలో లెక్కలు చెబుతాను. నాన్న కట్టించిన ఇంట్లో అమ్మతో ఉంటున్నాను. నాన్న కిడ్నీల జబ్బుతో 14 నెలలు మంచాన పడి, మూడేళ్ల కిందట పోయారు. తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. సెప్టెంబరులో కోటిలింగాల రేవు మెట్ల మీద ఒక ఆడకుక్క పడి ఉంది. ముక్కు నుంచి రక్తం కారుతోంది, చిగుళ్లు సున్నంలా తెల్లబడ్డాయి. దాన్ని కాపాడినవాళ్లు పశువైద్యుడికి చూపించారు. ఉంచడానికి వాళ్ల దగ్గర చోటు లేక, కోలుకునే దాకా మీ ఇంట్లో పెట్టుకోమని నన్ను అడిగారు. పిడుదుల వల్ల వచ్చిన జ్వరమట, ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోయాయి. ఇప్పుడు 2 లక్షల 10 వేలు. మల్లి అని పిలుస్తున్నాను. విశాఖపట్నం నుంచి ఒక జంట దాన్ని దత్తత అడుగుతున్నారు. ఈలోగా సంక్రాంతికి తమ్ముడు వస్తున్నాడు. మూడేళ్ల బాబు ఉన్నాడు కాబట్టి తాము వచ్చేసరికి కుక్క ఇంట్లో ఉండకూడదని అమ్మకు చెప్పాడట. వాడి మాట కాదనకు అని అమ్మ అంటోంది. మల్లిని ఆ జంటకు ఇచ్చేయనా, పండగ నాలుగు రోజులూ స్నేహితురాలి ఇంట్లో దాచి మళ్లీ తెచ్చుకోనా? ఇంకో మాట. నాన్న బీపీ, షుగరు రాసిన పొడుగు నోటుపుస్తకంలోనే మిగిలిన కాగితాల్లో మల్లి జ్వరం, మందుల వేళలు రాశాను. మొన్న వెనక్కి తిప్పి చూస్తే చాలాసేపు ఏడుపు ఆగలేదు. రెండు పేజీల ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తాను. దాచవద్దు. జబ్బు నుంచి ఇప్పుడిప్పుడే తేరుకున్న కుక్కను కొత్త ఇంట్లో వదిలితే ముద్ద ముట్టదు. మీరు ఇక్కడ అరిసెలు వత్తుతూ దాని మీద బెంగపడతారు. అంతకంటే ముఖ్యంగా, సొంత కాళ్ల మీద నిలబడిన మనిషి తన ఇంటి నుంచి ఒక కుక్కను తమ్ముడి కళ్లు గప్పి తరలించడం నాకు బొత్తిగా నచ్చలేదు. ఇక విశాఖ జంట సంగతంటారా, వాళ్లు మంచివాళ్లయితే ఇవ్వండి, మీ మనసు ఒప్పకపోతే ఉంచుకోండి. అది ఎలా తేల్చుకోవాలో తరువాత చెబుతాను. మిమ్మల్ని ఏడిపించింది అది కాదు.

ఆ రెండు ఫోటోలను చాలాసేపు చూశాను. మల్లి పేజీలో ఇలా ఉంది: 'రాత్రి 2.10, గంజి 4 చెంచాలు, కక్కలేదు. ఉదయం 6, చిగుళ్లు కొంచెం గులాబీ. డాక్సీసైక్లిన్ ఖాళీ కడుపున వేయకూడదు, ముందు రెండు ముద్దలు. కోడిమాంసంలో ఉల్లి వేయొద్దని పనిమనిషికి చెప్పాను. గురువారం మళ్లీ రక్త పరీక్ష చేయిస్తాను.' చేయిస్తాను, చెప్పాను, వేశాను. పేజీ అంతా ఇవే మాటలు. ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుందని, రక్తహీనతతో ఉన్నదానికి అసలే పనికిరాదని మీరు ఎక్కడో తెలుసుకుని వంటింటి దాకా మాట తీసుకెళ్లారు. ఎవరినీ అడగలేదు.

నాన్నగారి పేజీలోనూ అదే దస్తూరి, అదే శ్రద్ధ. కానీ, 'డాక్టరు డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయించుకోమన్నారు. తమ్ముణ్ణి అడగాలి.' 'రాత్రికి మనిషిని పెట్టుకుంటే? తమ్ముణ్ణి అడగాలి.' 'వీపు మీద ఎర్రగా కమిలింది. గాలి పరుపు కొనాలి. తమ్ముణ్ణి అడగాలి.'

నెలనెలా జీతం తెచ్చుకునే లెక్చరరు, కన్నతండ్రి వీపు కమిలిపోతుంటే ఒక పరుపు కొనడానికి బెంగళూరు వైపు చూసింది. ఆ పరుపు ఎన్నాళ్లకు వచ్చిందో మీరు రాయలేదు. నేను అడగను.

మల్లి మీకు చేసిన మేలు ఇదీ. సేవ మీకు కొత్త కాదు, పద్నాలుగు నెలలు చేశారు. మీరే చూసుకుంటున్న రోగి విషయంలో మీరే నిర్ణయం తీసుకోవడం మాత్రం మొదటిసారి. ఆ రోగి బతికింది కూడా. అందుకే ఏడుపొచ్చింది. అయితే దీన్ని పట్టుకుని నాన్నగారి విషయంలోనూ నేనే నిర్ణయాలు తీసుకుని ఉంటే ఆయన బతికేవారు అనుకోవద్దు. పిడుదుల జ్వరానికి ఇరవై ఎనిమిది రోజుల మందు ఉంది, చెడిపోయిన కిడ్నీలకు అలాంటి మందు లేదు. ఆ రెండింటినీ ఒక త్రాసులో పెట్టి మిమ్మల్ని మీరు హింసించుకోకండి.

మీ తమ్ముడు చెడ్డవాడని నేను అనడం లేదు. అడిగారు కాబట్టి చెప్పాడు. ఇంట్లో కొడుకు ఉండగా ఆడపిల్ల ఎలా తేలుస్తుందని అమ్మ అనుకుంది, మీరూ అనుకున్నారు, అతనూ అలాగే అలవాటుపడ్డాడు. తలకొరివి పెట్టేది కొడుకే కావచ్చు. పక్కదుప్పటి మార్చిన మనిషికి మాట లేకుండా పోవడం ఏ ధర్మమో నాకు ఇన్నేళ్లుగా అర్థం కాలేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. తండ్రి పక్కన కూతురు ఉంటుంది, నిర్ణయం ఫోనులో ఉంటుంది. నేను దీన్ని ఒప్పుకోను. అతను కుక్క సంగతి ఎవరికి చెప్పాడో చూశారా? అమ్మకు. దాన్ని తెచ్చింది మీరు, సాకుతున్నది మీరు, ఆ ఇంట్లో ఉంటున్నది మీరు. మీతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఒక సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. అది నాన్నగారు సొంత సంపాదనతో కట్టిన ఇల్లయితే, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, తమ్ముడికి తలా ఒక సమాన వాటా. పెళ్లయిందా లేదా అన్న లెక్క అందులో లేదు. కోర్టుకు వెళ్లమని చెప్పడం లేదు. ఆ ఇంట్లో మీరు ఒకరి దయ మీద ఉండటం లేదని గుర్తుచేస్తున్నాను, అంతే.

ఇంత చెప్పిన నోటితోనే ఇంకోటి కూడా చెప్పాలి. పిల్లవాడి గురించి అతని భయం న్యాయమైనదే, తండ్రన్నాక ఆ మాత్రం ఉండాలి. ఈ జ్వరం కుక్కను తాకితే రాదు, పిడుదుల ద్వారానే వ్యాపిస్తుంది. కాబట్టి పిడుదుల పని పట్టండి. అవి కుక్క చెవుల్లో, వేళ్ల సందుల్లోనే ఉంటాయనుకుంటాం కానీ గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక దూరి గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటీ వేలల్లో పెడుతుంది. పండగకు ఎలాగూ సున్నం వేయిస్తారు కదా, ముందు ఆ పగుళ్లు పూడ్పించండి. రేబిస్ టీకా, నట్టల మందు పూర్తయ్యాయో లేదో చీటీ చూసుకోండి. మూడేళ్ల పిల్లవాణ్ణి ఎంత సాధువైన కుక్క దగ్గరైనా ఒంటరిగా వదలకూడదు, అది తింటున్నప్పుడు అసలే పోనివ్వకూడదు. పొరపాటున గీరినా, పన్ను తగిలినా సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, కుక్కకు టీకా వేయించామని ఊరుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి. భోగి మంటల వేళ మల్లిని లోపలి గదిలో కట్టేయండి.

అమ్మ మాటను పెద్దగా పట్టించుకోకండి. రేపు కొడుకు గుమ్మం తొక్కకపోతే ఎలా అన్న దిగులే ఆవిడ చేత అలా అనిపిస్తోంది. ఆవిడతో వాదం పెట్టుకోవద్దు.

తప్పు మీలోనూ కొంత ఉంది. పద్నాలుగు నెలల్లో ఒక్క రాత్రైనా ఎలా గడిచిందో తమ్ముడికి చెప్పారా? అడగకుండానే అర్థం చేసుకోవాలని మౌనంగా కూర్చున్నట్టున్నారు. నాన్నకు వీపు కమిలిన సంగతి అతనికి ఒక ప్రశ్నగా చేరింది తప్ప ఒక బాధగా చేరలేదు. మాటకు విలువ కావాలంటే ముందు మాట ఉండాలి కదా.

విశాఖ జంట గురించి. మల్లి మీ దగ్గరికి కోలుకునే దాకా అని వచ్చింది. అలా వచ్చినదాన్ని మంచి ఇంటికి పంపడం దాన్ని వదిలేయడం కాదు. ఆ చోటు ఖాళీ అయితే రేవులో పడి ఉన్న మరొకటి వస్తుంది. వాళ్లను ఒకసారి ఇంటికి రమ్మనండి. మల్లి వాళ్ల చేతిలోంచి తింటుందో లేదో చూడండి. ఈ జ్వరం తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి రక్త పరీక్షలు ఎవరు చేయిస్తారో, ఇద్దరూ ఉద్యోగాలకు వెళితే పగలు ఎవరు ఉంటారో అడగండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారా అని కూడా అడగండి. జవాబులు నచ్చితే పంపండి, పండగకు ముందైనా తరువాతైనా. నచ్చకపోతే మల్లి మీ ఇంట్లోనే ఉంటుంది, తమ్ముడు వచ్చినా సరే. అతని మీద పంతంతో ఉంచుకోకండి, అతనికి భయపడి పంపకండి.

కానీ వాళ్లను పిలవడానికి ముందు తమ్ముడికి ఫోను చేయండి. అమ్మ చేత చెప్పించకండి. కుక్కతో మొదలుపెట్టకండి. నోటుపుస్తకం ముందు పెట్టుకుని నాన్న పేజీలోంచి ఆ గాలి పరుపు పంక్తి చదివి వినిపించండి, ఆ రోజు ఎలా ఉందో చెప్పండి. అతను ఏమంటాడో వినండి. అతనూ కొడుకే, దాచుకున్నది ఏదో అతనికీ ఉంటుంది. ఆ తరువాత మల్లి సంగతి చెప్పండి: టీకాలు అయ్యాయని, బాబు కోసం ఏ జాగ్రత్తలు తీసుకున్నారో, మీరు ఏమి నిర్ణయించుకోబోతున్నారో. 'ఏం చేయమంటావు' అని మాత్రం అడగకండి. ఈ ఆదివారం ఉదయం అమ్మ గుడికి వెళ్లిన వేళ చూసి చేయండి.