నాన్న మాట కోసం నడుము విరగ్గొట్టుకోవద్దు

ఉత్తరం: గోదాములో సరుకు దించుతుంటే నడుములో డిస్క్ జారింది. సెలవు తర్వాత డాక్టర్ లైట్ డ్యూటీ రాశారు, రిజిస్టర్ దగ్గర కూర్చోబెట్టారు. అక్కడే చేసి రిటైరైన నాన్న, ‘నేనెన్నడూ కుర్చీ ఎక్కలేదు’ అని అందరి ముందూ అంటున్నారు. మొన్న ఆయన చూస్తుండగా నీళ్ల డబ్బా ఎత్తాను, మర్నాడు లేవలేకపోయాను. ఇప్పుడు నొప్పి మాత్ర వేసుకుని డ్యూటీకి వెళ్తున్నాను. పాత పనిలోకి వెళ్లనా, ఉద్యోగం మానేయనా?

జవాబు: రెండూ వద్దు. మీ అసలు బాధ ఉద్యోగం కాదు, నాన్నగారి దగ్గర మాట పడటం. డబ్బా ఎత్తింది ఆయన కోసమే కదా!

డాక్టర్ చీటీలో ‘తేలిక పని’ అని మాత్రమే ఉంటే అది చాలదు. దాన్ని సూపర్‌వైజర్ ఒకలా, మీరొకలా అర్థం చేసుకుంటారు. ఎన్ని కిలోల వరకు ఎత్తవచ్చు, వంగడం, నడుము తిప్పడం ఎంతవరకు, ఏకబిగిన ఎంతసేపు కూర్చోవచ్చు, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి, ఇవన్నీ రాయించుకోండి. ఒక కాపీ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. చీటీ దాటిన పని చెబితే వాదనొద్దు, అదే చూపించండి.

కుర్చీ పని నడుముకు విశ్రాంతి అనుకోకండి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే బిగుసుకుపోతుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కింద ఉన్న ఫైలు కోసం కూర్చున్నచోటి నుంచే పక్కకు తిరిగి వంగకండి. లేచి, పాదాలతో సహా అటు తిరిగి తీయండి. బరువు ఒంటికి ఎంత దూరంగా ఉంటే నడుము మీద అంత భారం. చిన్న డబ్బా కూడా చాచిన చేతుల్లో పెద్ద బరువే.

డ్యూటీకి ముందు మాత్ర వేసుకోవడం నాకు అస్సలు నచ్చలేదు. నొప్పి తెలియక హద్దు దాటేస్తారు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్నే అడగండి. సాయంత్రం కాస్త నొప్పి వచ్చి తెల్లారేసరికి తగ్గితే మామూలే. అది కాలిలోకి పాకుతుంటే పని ఆపి డాక్టర్ని కలవండి. పాదం బలహీనపడినా, కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే ఒంటి భాగంలో స్పర్శ తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, రేపటిదాకా ఆగకండి.

ఇక నాన్నగారు. పెద్దాయనకు ఎదురు చెప్పమనను, కానీ ఆయన మెప్పు కోసం ఒళ్లు పాడుచేసుకోవడం గౌరవం కాదు. నలుగురిలో కాకుండా ఒంటరిగా చెప్పండి: ‘నాన్నా, మీరలా అంటుంటే నేను బరువులెత్తుతున్నాను.’ కొడుకు పడుతున్న అవస్థ ఆయనకు తెలియకపోవచ్చు. ఈసారి చూపించుకోవడానికి ఆయన్నీ వెంట తీసుకెళ్లండి, అడగాలనుకున్నదేదో డాక్టర్నే అడగనివ్వండి.