డీవీడీతో విండోస్: ఎంబీఆర్ అడ్డంకి

ప్రశ్న: పాత డెస్క్‌టాప్‌లో డీవీడీతో విండోస్ 10 వేస్తుంటే ‘ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, ఈ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయలేం’ అని ఆగిపోతోంది. హార్డ్‌డిస్క్ పోయినట్టేనా? డి డ్రైవ్‌లో పెళ్లి ఫొటోలున్నాయి.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: హార్డ్‌డిస్క్‌కు ఏమీ కాలేదు. డీవీడీ యూఈఎఫ్ఐ (కంప్యూటర్ మొదలయ్యే కొత్త విధానం) పద్ధతిలో బూట్ అయింది, మీ డిస్క్ పాత ఎంబీఆర్ (డిస్క్ భాగాల వివరాలు రాసుకునే పట్టిక) పద్ధతిలో ఉంది. అందుకే ఆ పేచీ. రీస్టార్ట్ చేసి బూట్ మెనూ తెరవండి. కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్11 లేదా ఎస్కేప్. డీవీడీ డ్రైవ్ పేరు సాధారణంగా రెండుసార్లు ఉంటుంది. పేరుకు ముందు ‘యూఈఎఫ్ఐ’ అని లేనిది ఎంచుకోండి. ఒక్కటే ఉంటే బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) సీఎస్‌ఎం లేదా లెగసీ అనే పాత పద్ధతి బూట్ ఆప్షన్ ఆన్ చేయాలి.

అసలు జాగ్రత్త పార్టిషన్ల (డిస్క్ భాగాల) దగ్గర. సెటప్‌లో సి, డి అక్షరాలు కనిపించవు, నంబర్లు, సైజులే ఉంటాయి. సి సైజు ముందే రాసిపెట్టుకుని, దాన్నొక్కదాన్నే ఫార్మాట్ చేయండి. డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో ‘క్లీన్’ కొట్టమని ఎవరైనా చెబితే వినకండి, డి కూడా తుడిచిపెట్టుకుపోతుంది. వీలైతే ఫొటోలు ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

ఫైళ్లు కాపీ అయ్యాక మెషిన్ తనే రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు ‘ఏదైనా కీ నొక్కండి’ అని వచ్చినా నొక్కొద్దు. నొక్కితే సెటప్ మళ్లీ మొదటికొస్తుంది.