రిమైండ్ మీ లేటర్ నొక్కే అల్లుడికి

చిరంజీవి బుజ్జికి మీ మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి నరసరావుపేట వచ్చినప్పుడు నీ షాపులో గంటన్నర కూర్చున్నాను కదా. కొత్త జిరాక్స్ మిషన్ బాగుంది. ఆ గంటన్నరలో నీ కంప్యూటర్లలో నాలుగుసార్లు అప్‌డేట్ మెసేజ్ వచ్చింది. నాలుగుసార్లూ ఈగను తోలినట్టు ‘రిమైండ్ మీ లేటర్’ నొక్కేశావు. కస్టమర్ల ముందు అంటే బాగుండదని ఊరుకున్నాను. ఇంటికొచ్చి మీ అమ్మ పెట్టిన అరిసెలు తింటూ మాట ఎత్తితే, “నేను పిచ్చిపిచ్చి లింకులు నొక్కను మామయ్యా, నాకేం రాదు” అన్నావు. అప్పుడు నవ్వి వదిలేశాను కానీ ఆ మాట నాకు మింగుడుపడలేదు.

నేను కూడా ఏమీ నొక్కలేదురా. 2017లో మా ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ నేనే దిక్కు. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ ఇచ్చింది. దాని నంబరు ఎంఎస్17-010, నాకు ఇప్పటికీ నోటికొచ్చు. ఇయర్ ఎండింగ్ రోజులు. అప్పుడు మిషన్లు ఆపితే అకౌంట్స్ వాళ్లు నన్ను బతకనివ్వరు. ఏప్రిల్‌లో చూద్దాం అనుకున్నాను. ఏప్రిల్‌లో ఆడిట్ వచ్చింది. మే 12, శుక్రవారం, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ బయటపడింది. మర్నాడు రెండో శనివారం, సెలవు. ఇంట్లో టీవీలో చూస్తున్నాను, ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపుతున్నాయని. అప్పుడు గుర్తొచ్చింది మార్చిలో వాయిదా వేసిన పని. ఆ రెండు రాత్రులూ నిద్ర లేదు.

సోమవారం పొద్దున్నే వెళ్తే డిస్పాచ్ సెక్షన్ మిషన్ మీద ఎర్రటి బాక్సు. బిట్‌కాయిన్‌లో 300 డాలర్లు కట్టాలి, మూడు రోజులు దాటితే రెట్టింపు, వారం దాటితే ఫైళ్లు ఇక రావు. పక్కన రెండు గడియారాలు వెనక్కి తిరుగుతున్నాయి. శుక్రవారం సాయంత్రం ఆ ఒక్క మిషన్‌నే ఎవరూ ఆపలేదు. దానికి బ్రాడ్‌బ్యాండ్ లైను నేరుగా ఇచ్చింది కూడా నేనే. మిగతావి ఆపేసి ఉండబట్టి బతికిపోయాయి. డబ్బు కట్టలేదు. స్కాన్ చేసి పెట్టిన ఏళ్లనాటి ఉత్తరాలు పోయాయి, బ్యాకప్ లేదు. ఆ గదిలో రెండు రోజులుగా మనిషే లేడు. ఇంక లింకు నొక్కిందెవరు?

ఆ మార్చి అప్‌డేట్ సరిచేసిన లోపం ఏమిటో నీ భాషలో చెప్తాను. అప్లికేషన్ ఫారం డిజైన్ చేస్తూ పేరుకి ఇరవై గళ్లు ఇస్తావు. ఒకడు కావాలని నలభై అక్షరాలు రాస్తాడు. అవి పొర్లి, కింద ‘ఆఫీసు వారి ఉపయోగానికి మాత్రమే’ అన్న చోట పడతాయి. అక్కడ ‘మంజూరు’ అన్న మాట పడేట్టు వాడు ముందే లెక్క వేసుకున్నాడు. ఆఫీసువాళ్లు అది తమవాళ్లే రాశారనుకుని పని చేసేస్తారు. విండోస్‌లో ఫైళ్లు, ప్రింటర్లు షేర్ చేసుకునే పాత ప్రోగ్రాములో జరిగింది దాదాపు ఇదే. వచ్చే సమాచారం ఎంత ఉందో కొలిచే చోట లెక్క తప్పింది. ఆ తప్పును అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ కనిపెట్టి, గుట్టుగా వాడుకుంది. ఆ పనిముట్టును షాడో బ్రోకర్స్ అనే ముఠా ఏప్రిల్ 14న బయట పడేసింది. వానాక్రై దాన్ని పట్టుకునే, ఎవరూ ఏమీ నొక్కకుండానే, లోపలికి దూరింది. ఆ అప్‌డేటే దానికి మందు, అప్పటికే నెల రోజులుగా మా దగ్గర ఉంది. నేను సీసా మూత తియ్యలేదు, అంతే.

మార్చి 14 నుంచి మే 12కి 59 రోజులు. ఇన్నేళ్లయినా నన్ను తినేది ఆ 59 రోజులే. లోపం ఉండటం నా తప్పు కాదు, ఆ సందు తెరిచి ఉంచడం నా తప్పు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. అప్‌డేట్ వచ్చిన రోజునే దొంగలు పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి ఎక్కడ మార్చారో చూస్తారు. అతుకు ఎక్కడ వేశారో చూస్తే చిరుగు ఎక్కడుందో తెలిసిపోతుంది కదా. కాబట్టి అప్‌డేట్ వచ్చాక ఆగే కొద్దీ ప్రమాదం పెరుగుతుందే గానీ తగ్గదు.

ఆ వానాక్రై 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకుంది. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాదాపు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి.

ఇప్పుడు నీ షాపు సంగతి. మూలనున్న విండోస్ ఎక్స్‌పీ మిషన్ ఎందుకు ఉంచావో నాకు తెలుసు. కంపోజింగ్ చేసే పాత పేజ్‌మేకర్, తెలుగు అనూ ఫాంట్లు. పాత పెళ్లికార్డులు, కరపత్రాలు అన్నీ అందులోనే ఉన్నాయి, పారెయ్యమని చెప్పను. కానీ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న చేతులు దులిపేసుకుంది. వానాక్రై గొడవలో ఒక్కసారి కనికరించి ఎక్స్‌పీకి కూడా అతుకు ఇచ్చింది, అదీ దాడి మొదలయ్యాకే. అందుకని ఆ మిషన్ నెట్ వైరు ఇవాళే పీకెయ్. వైఫై కూడా వద్దు, మిగతా మిషన్లతో షేరింగ్ కూడా వద్దు. కంపోజింగ్ అందులో చేసుకో, పీడీఎఫ్ తీసి పెన్‌డ్రైవ్‌లో ఇటు తెచ్చుకో. ఆ పెన్‌డ్రైవ్ దానికే ఉంచు. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ అందులో పెట్టావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

మిగతా రెండింటిలో విండోస్ 10 ఉంది. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. 2026 అక్టోబరు దాకా అదనంగా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవడానికి నమోదు చేసుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో చూడు. అయితే అసెంబుల్ చేసినవాడు నీకు వేసిచ్చింది అసలు విండోస్ కాదని నా అనుమానం. అలాంటివాళ్లు తాము వేసిన క్రాక్, అంటే దొంగతాళం, పోకుండా ఉండటానికి అప్‌డేట్లే ఆపేసి ఇస్తారు. రెండో మిషన్‌లో నేను చూశాను, చివరి అప్‌డేట్ రెండేళ్ల కిందటిది. జనం ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు రోజంతా అందులో స్కాన్ చేస్తావు. జిరాక్స్ మిషన్‌కి లక్షలు పెట్టినవాడివి, విండోస్ కొనుక్కో.

అప్‌డేట్లతో కంప్యూటర్లు పాడవుతాయని నువ్వన్న మాట అబద్ధం కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మిషన్లు నీలిరంగు తెరతో ఆగిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఆ రోజు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, ఫోటోలు నువ్వూ చూసే ఉంటావు. అందుకే రెండు మిషన్లకీ ఒకే రోజు చెయ్యకు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది, మనకి అది చేరేసరికి రాత్రి అవుతుంది. బుధవారం షట్టర్ దించే ముందు ఒక మిషన్‌కి ‘అప్‌డేట్ అండ్ షట్‌డౌన్’ కొట్టు. గురువారం దాని మీద ప్రింట్లు, స్కానర్, వేలిముద్ర మిషన్ అన్నీ పని చేస్తున్నాయో లేదో చూసుకుని, ఆ రాత్రి రెండోదానికి చెయ్యి. కరెంటు పోతే మధ్యలో ఆగకుండా యూపీఎస్ బ్యాటరీ మార్పించు, అది ఎప్పుడో చచ్చింది.

క్రోమ్ నువ్వు రోజుల తరబడి మూయవు. పైన మూలలో అప్‌డేట్ అని కనిపిస్తే, మూసి తెరిస్తే చాలు.

మూటకట్టిన ఫైళ్లు విప్పే విన్‌రార్‌ది మరీ దారుణం. అది తనంతట తాను అప్‌డేట్ అవ్వదు. పెళ్లి ఫోటోలు రార్ ఫైళ్లలోనే వస్తాయి కదా నీకు. 2023లో దొంగలు వాడుకున్న లోపంలో, లోపలి ఫోటో మీద డబుల్ క్లిక్ చేస్తే ఫోటోతో పాటు వాళ్ల ప్రోగ్రాము కూడా నడిచేది. 6.23లో సరిచేశారు. 2025లో ఇంకొకటి బయటపడితే 7.13లో సరిచేశారు. నీ దగ్గర ఉన్నది 5తో మొదలయ్యే వెర్షన్. తీసేసి, వాళ్ల సొంత సైట్ నుంచే కొత్తది వేసుకో.

వచ్చే నెల రెండో మంగళవారం తర్వాతి గురువారం పొద్దున, షాపు తెరిచే వేళకి ఫోన్ చేస్తాను. స్టార్ట్ మెనూలో విన్‌వర్ (winver) అని కొడితే చిన్న బాక్సు వస్తుంది, అందులో బిల్డ్ నంబరు ఉంటుంది. చుక్క తర్వాత ఉన్న అంకెలు చదివి వినిపించు. నా దగ్గర ఆ నెల నంబరు రాసి పెట్టుకుంటాను.

అమ్మని అడిగానని చెప్పు. అరిసెలు ఇంకా మిగిలి ఉంటే ఎవరైనా హైదరాబాద్ వస్తుంటే పంపించమను.

మీ మామయ్య