కోనసీమలో ఇంటి బయటి గోడలు ఎన్నాళ్లకోసారి కడిగించాలి?

ప్రశ్న: అమలాపురం దగ్గర పల్లెలో రెండంతస్తుల డాబా, చుట్టూ కొబ్బరి తోట. రంగు వేయించి మూడేళ్లయింది. ఉత్తరం గోడ నల్లబడింది, సన్‌షేడ్ల కింద పచ్చటి చారలు దిగాయి. దసరా లోపు ప్రెషర్ వాష్ చేయించమనీ, ఇకమీదట ప్రతి ఏడాదీ ఇల్లంతా కడిగించాల్సిందేననీ పెయింటర్ అంటున్నాడు. నిజంగా అంత అవసరమా?

జవాబు:

ఇల్లంతటికీ ఒకే లెక్క పెట్టుకుంటే కొన్ని గోడలకు ఎక్కువా, కొన్నిటికి తక్కువా అవుతుందండి. మీరు చెప్పిన ఇంటికైతే ఉత్తరం గోడకు ఏడాదికోసారి, తూర్పు పడమరలకు రెండేళ్లకోసారి, దక్షిణానికి మూడేళ్లకోసారి చాలు. సన్‌షేడ్ల పైభాగం, పిట్టగోడ నెత్తి, డాబా నేల మాత్రం ఏడాదికి రెండుసార్లు చూసుకోవాలి: మే నెలాఖరున ఒకసారి, వానలు పూర్తిగా వెనకబట్టాక ఒకసారి. వాటికి మెషిన్ అక్కర్లేదు, చీపురూ బకెట్ నీళ్లూ చాలు. దసరా లోపు గోడలు కడగడం మాత్రం వద్దు.

ఉత్తరం గోడే ఎందుకు నల్లబడుతుందంటే, సెప్టెంబరు నాలుగో వారం నుంచి మార్చి మూడో వారం దాకా దాని ముఖం మీద నేరుగా ఎండ పడదు. మన దగ్గర తుపానుల కాలం, ఈశాన్యపు గాలితో కొట్టే అక్టోబరు, నవంబరు వానలు, ఆ తర్వాత డిసెంబరు, జనవరి మంచు, అన్నీ సరిగ్గా ఆ ఆరు నెలల్లోనే వస్తాయి. ఆ గోడకు గట్టి ఎండ తగిలేది మే నెలలో. మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానికి వాలి ఉండే రోజులు ఆగస్టు మొదటి వారం దాకా ఉన్నా, జూన్ రెండో వారం తిరిగేసరికి మబ్బులు పట్టేస్తాయి. పైగా మీకు తోట నీడ, బోదెల్లో, అంటే తోటలోని చిన్న కాలువల్లో, నిలిచే నీళ్లు. వాన తగిలిన గోడలన్నిటికీ నాచు పట్టదు. తడిసి, మధ్యాహ్నానికైనా ఆరని గోడకే పడుతుంది. అందుకే ఒకే రంగు, ఒకే ఏడు వేసినా దక్షిణం గోడ కొత్తగానే కనిపిస్తుంది.

దసరా ముందు కడిగితే, గోడ ఆరే లోపే మళ్లీ వానలు మొదలవుతాయి. డిసెంబరు రెండో వారం నుంచి జనవరి దాకా అన్నిటికంటే మంచి అదను. సంక్రాంతికి ఇళ్లకు సున్నం కొట్టే ఆనవాయితీ ఊరికే పుట్టలేదు. వేసవిలో చేద్దామనుకుంటే రెండు ఇబ్బందులు. కాలిన గోడ మీద నాచును చంపే మందు రెండు నిమిషాల్లోనే ఎండిపోయి పని చేయదు. సాగునీటి కాలువలకు నీళ్లు ఆపేశాక బోరే గతి, దిగువ గ్రామాల్లో ఆ నీళ్లు చాలాచోట్ల ఉప్పన.

కడిగే ముందు ఆ నలుపు ఏమిటో తేల్చుకోండి. చిన్న దూది ముక్కను కింద చెప్పిన బ్లీచ్ నీళ్లలో ముంచి మచ్చ మీద అద్ది, పది నిమిషాలు ఆగండి. రంగు విరిగితే నాచో బూజో అన్నమాట. విరక్కపోతే అది దుమ్ము, మసి, లేదా రైసుమిల్లు ఊక బూడిద. దానికి మందులు దండగ. ఇటుక రంగు మచ్చల్ని తుప్పు అనుకుంటారు గానీ చాలాసార్లు అదీ నాచే. ట్రెంటెపోలియా అంటారు, జాతికి పచ్చనాచే అయినా ఒంట్లో నారింజ రంగు ద్రవ్యం దట్టంగా ఉంటుంది. బ్లీచ్ తగిలితే పాలిపోతుంది, తుప్పు పాలిపోదు. తెల్లపొడి కనిపిస్తే నీళ్లు చిలకరించి చూడండి. తడిపినప్పుడు మాయమై, ఆరాక మళ్లీ తేలితే అది ఉప్పు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇక మందు. వరికి మందు కొట్టే 16 లీటర్ల స్ప్రేయర్ తీసుకోండి. బజారులో దొరికే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 4 శాతంది అయితే 4 లీటర్లు పోసి, మిగతా 12 లీటర్లు మంచినీళ్లు కలపండి. గోడకు కావలసిన 1 శాతం వస్తుంది. పలచని పచ్చదనానికి ఇందులో సగం బలం చాలు. ద్రావణం దొరకకపోతే బ్లీచింగ్ పౌడర్: కొత్త పొడిలో పనికొచ్చే క్లోరిన్ 30 నుంచి 35 శాతం ఉంటుంది, కాబట్టి 16 లీటర్లకు అరకిలో. రాత్రి ప్లాస్టిక్ బకెట్లో కలిపి మూత పెట్టి, పొద్దున్న పైన తేరిన నీళ్లు మాత్రమే గుడ్డలో వడగట్టండి. అడుగున పేరుకున్న సున్నం పోస్తే నాజిల్ మూసుకుపోతుంది, గోడ మీద తెల్లని చారలు మిగులుతాయి. మన తేమకు తెరిచిన పొడి త్వరగా చచ్చుబడుతుంది. సంచి విప్పగానే ముక్కు అదరకపోతే ఆ పొడి తీసుకోవద్దు. గిన్నెల సబ్బు ద్రావణం రెండు చెంచాలు కలిపితే మందు జారిపోకుండా గోడను పట్టుకుంటుంది. ఒక లీటరు 40 నుంచి 50 చదరపు అడుగులకు వస్తుంది. అంటే 600 చదరపు అడుగుల గోడకు ఒక స్ప్రేయర్ ట్యాంకు. కలుపు మందు కొట్టిన స్ప్రేయర్ వాడొద్దు. పనయ్యాక మంచినీళ్లతో రెండుసార్లు కడగకపోతే వాషర్లూ ఇత్తడి భాగాలూ పోతాయి.

కొట్టేటప్పుడు కింది నుంచి పైకి వెళ్లండి. పై నుంచి కొడితే పొడి గోడ మీద మందు ధారలుగా జారి, ఆ ధారల జాడలే తెల్లగా మిగిలిపోతాయి. పది, పదిహేను నిమిషాలు తడిగా ఉంచాలి, ఆరుతుంటే ఇంకోసారి చల్లాలి. మందంగా పేరుకున్నచోట బట్టలు ఉతికే ప్లాస్టిక్ బ్రష్ చాలు. ఇనుప బ్రష్ పెడితే రంగు గీతలు పడి, ఆ గీతల్లోనే మళ్లీ నాచు మొలుస్తుంది. తర్వాత పై నుంచి కిందికి పుష్కలంగా నీళ్లు.

జాగ్రత్తలు ఇక్కడే ఎక్కువ. బ్లీచ్‌లో ఆసిడ్ గానీ, బాత్‌రూమ్ కడిగే ద్రావణం గానీ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణాలకే ముప్పు. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు గ్లౌజులు వేసుకోవాల్సిందే. గోడ పక్క మొక్కలను ముందూ తర్వాతా మంచినీళ్లతో తడపండి. ఆకులు ముందే తడిసి ఉంటే మందు పీల్చుకోవు. అల్యూమినియం కిటికీలు, స్టీలు రెయిలింగు, ఏసీ బయటి యూనిట్ మీద పడితే వెంటనే కడిగేయండి. అన్నిటికంటే ముఖ్యం: ఆ నీళ్లు చేపల చెరువులోకో రొయ్యల చెరువులోకో దిగే బోదెలోకి పోనివ్వకండి. గోడ వెంట మట్టిగట్టు వేసి నేలలోనే ఇంకిపోయేలా చూడండి. సర్వీసు వైరు గోడకు దగ్గరగా ఉంటే లైన్‌మన్‌తో మాట్లాడి సప్లై ఆపించాకే పరంజా ఎక్కాలి.

బ్లీచ్ ఉన్నదాన్ని చంపుతుంది, రేపు రాబోయేదాన్ని ఆపదు. ఆపడానికి చేపల, రొయ్యల చెరువుల మందులమ్మే ఆక్వా షాపుల్లో దొరికే బీకేసీనే వాడొచ్చు, అంటే బెంజాల్కోనియం క్లోరైడ్. గోడల నాచు మందులని ఖరీదుగా అమ్మే చాలా డబ్బాల్లో ఉండేది ఇదే రసాయనం. 50 శాతంది అయితే 16 లీటర్లకు అరలీటరు, 80 శాతంది అయితే 300 మిల్లీలీటర్లు. కడిగిన గోడ రెండు మూడు రోజులు ఆరాక కొట్టి, అలాగే వదిలేయాలి, కడగకూడదు. కనీసం ఒక రోజు వాన పడకూడదు. సబ్బు మిగిలి ఉన్న గోడ మీద కొడితే విరిగిపోయి ఏమీ పని చేయదు, బ్లీచ్‌తోనూ కలపకూడదు. చెరువుకు కొలత ప్రకారం వేసే మందే అయినా, ఈ మోతాదులో పారే నీళ్లు చేపకు విషమే. ఉత్తరం గోడకు డిసెంబరులో ఒకసారి, మే నెలాఖరున ఒకసారి కొడితే ఆ ఏడాది నలుపు బాగా తగ్గుతుంది.

ప్రెషర్ వాష్ చెడ్డది కాదు, దాన్నే మందు అనుకోవడం చెడ్డ. మందు కొట్టకుండా నీటి జెట్‌తో కడిగితే పైపొర పోయి గోడ తెల్లగా కనిపిస్తుంది, రంధ్రాల్లో మిగిలిన నాచు తొలకరికే మళ్లీ వస్తుంది. అద్దెకు వచ్చే మెషిన్లు మామూలుగా 100 బార్ పైనే ఒత్తిడితో కొడతాయి. తెల్ల నాజిల్, అంటే 40 డిగ్రీల విసనకర్ర ధార పెట్టి, గోడకు రెండడుగుల దూరంలో పట్టుకుంటే ఎమల్షన్ రంగు తట్టుకుంటుంది. ఎర్ర నాజిల్ సన్నని సూది ధార, గోడ దరిదాపులకు రానివ్వొద్దు. కిటికీ చట్రాల అంచులు, మీటరు బోర్డు, వెంట్రుకవాసి పగుళ్ల మీదికి నేరుగా కొట్టకూడదు. లోపలికి పోయిన నీళ్లు నెల రోజుల తర్వాత పడకగదిలో చెమ్మగా తేలతాయి. అరచేత్తో గోడ రుద్దితే సుద్దలా పొడి అంటుకుంటోందా? అయితే మీ రంగుకు ఆయుష్షు అయిపోయింది. ఎంత కడిగినా అందం రాదు, కడుగుడును రంగుకు ముందు పనిగానే చూడండి.

మీ సన్‌షేడ్ల కింద చారలు అసలు కడిగితే పోయే జబ్బు కాదు. సన్‌షేడ్ అడుగున అంచుకు అంగుళం లోపల, నీళ్లు వెనక్కి పాకకుండా అర అంగుళం గాడి ఉండాలి. ప్లాస్టరింగ్ రోజు మేస్త్రి అది మర్చిపోతే, నీళ్లు అడుగు పట్టుకుని గోడదాకా వచ్చేస్తాయి. ఇప్పుడైనా ఎల్ ఆకారపు అల్యూమినియం పట్టీని సిలికాన్‌తో అంటిస్తే సరిపోతుంది. పిట్టగోడ నెత్తి బయటికి వాలి ఉంటే ఏడాది దుమ్మంతా తొలి వానకే గోడ మీదికి దిగుతుంది. సిమెంటుతో వాలు లోపలికి, డాబా వైపుకు తిప్పించండి. ట్యాంకు ఓవర్‌ఫ్లో గొట్టం, ఏసీ నీళ్ల గొట్టం గోడకు ఆనకుండా తూము దాకా వెళ్లాలి. ఇళ్లమీద కనిపించే నిలువు పచ్చచారల్లో చాలావాటికి మూలం అదే. గోడకు ఆరడుగుల లోపు వాలిన కొబ్బరి మట్టలను కొట్టించండి. ఎండిన మట్టలు సన్‌షేడ్ మీద ఒక్క వానాకాలం ఉంటే చాలు, అక్కడ మట్టి తయారై రావి మొక్క లేస్తుంది. రావినీ మర్రినీ వేలంత ఉన్నప్పుడే వేరుతో తీయాలి. పైపైన తుంచితే స్లాబు చీలుస్తుంది.

నేల నుంచి మూడడుగుల లోపు పొడిపొడిగా రాలే తెల్లదనం ఉప్పు. ఉప్పునేల నుంచి చెమ్మ ఇటుకల్లోకి పాకి, ఆరేచోట ఉప్పును వదిలేస్తుంది. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి లోపలికి పోయి, మళ్లీ మరింత బయటికి వస్తుంది. పొడి బ్రష్‌తో దులిపి, ఆ పొడిని గోడ మొదట్లో వదలకుండా ఎత్తిపోయండి. ఇదే కారణంగా ఉప్పు బోరు నీళ్లతో ఏ గోడనూ కడగొద్దు. అనుమానంగా ఉంటే ఒక గ్లాసు నీళ్లు స్టీలు పళ్లెంలో పోసి ఎండలో ఇగరనివ్వండి. దట్టమైన తెల్ల పొర మిగిలితే ట్యాంకర్ నీళ్లు తెప్పించండి.

చదివే మిగతావాళ్ల కోసం కొంచెం. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రగాలి తగిలే ఇళ్లలో గోడల కంటే గ్రిల్లులు, కిటికీ చట్రాలు, ఏసీ యూనిట్లు ముందు చెడతాయి. వాటిని నెలకోసారి మంచినీళ్లతో తడిపి కడగండి. రైసుమిల్లు పక్క ఇళ్లలో ఆరు నెలలకోసారి ముందు పొడిగా దులిపి, ఆ తర్వాతే నీళ్లు. ముందే తడిపితే బూడిద బురదై సిరాలా పాకుతుంది. సున్నం గోడలకు కడుగుడే లేదు. గీకి, మళ్లీ సున్నం కొట్టాలి. తాజా సున్నానికి ఉండే క్షారానికి నాచు నిలవదు. బంగాళాపెంకుల మీద నాచును ఎండిన రోజుల్లో ప్లాస్టిక్ బ్రష్‌తో తీయాలి, జెట్ కొడితే పెంకుల సందుల్లోంచి నీళ్లు వాసాల మీదికి పోతాయి. నున్నటి ఇంటికి టెక్స్చర్ పెయింట్ వేయిద్దామనుకునేవాళ్లు ఉత్తరం గోడను వదిలేయండి, ఆ గుంటలు నాచుకు నారుమడి.

మీ ఇంటికి ఈ ఏడు వరస ఇలా పెట్టుకోండి. ఇప్పుడు మట్టలు కొట్టించి, సన్‌షేడ్లూ తూములూ శుభ్రం. డిసెంబరు మధ్యలో ఉత్తరం గోడకు బ్లీచ్, కడుగుడు, మూడో రోజు బీకేసీ. రంగు కూడా వేయించాలనుకుంటే ఆ ఒక్క గోడను సంక్రాంతికి కాకుండా ఉగాది దాటాక పెట్టుకోండి. ఎండ లేని గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, దాని మీద ప్రైమర్ వేస్తే పొక్కులు లేస్తాయి. అడుగు చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు గాలి చొరకుండా అంటించి, మర్నాడు పొద్దున్న విప్పి చూడండి. లోపలివైపు నీటి చుక్కలు కట్టి ఉంటే పెయింటర్‌ని ఇంకో వారం ఆగమనండి.