బుజ్జీ, కుదరని రీడింగుని చెరిపెయ్యకు

బుజ్జీ,

నీ మెసేజ్ చూసా. ఫిజిక్స్ ఎమ్మెస్సీ అయిపోయింది, పీహెచ్‌డీకి థియరీ వైపు వెళ్ళనా ఎక్స్‌పెరిమెంట్ వైపు వెళ్ళనా మావయ్యా అన్నావు, ఫోన్లో చెప్దామంటే సగం మీ అమ్మే మాట్లాడేస్తుంది అందుకని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

ముందు నా పాత పాపం ఒకటి చెప్తా. డిగ్రీ ల్యాబ్‌లో సింపుల్ పెండ్యులం చేస్తే నాకు g, అంటే గురుత్వ త్వరణం విలువ, 9.46 వచ్చింది. 9.8 రావాలి గదా, నేనూ నా పార్ట్‌నరూ ఏం చేసాం, టైమింగులు కొంచెం కొంచెం తగ్గించి కాకిలెక్కలు వేసి 9.8 తెప్పించేసాం, మార్కులు కూడా బాగానే పడ్డాయి. తర్వాత ఎన్నాళ్ళకో నేనే డెమాన్‌స్ట్రేటర్ అయ్యాక ఒక పిల్లాడు అదే అంకె పట్టుకొచ్చాడు, వాడు ఊపుతుంటే చూద్దును కదా గుండుని ముప్ఫై డిగ్రీల దాకా లాగి వదుల్తున్నాడు! పీరియడ్‌కి, అంటే ఒక ఊపు పూర్తయ్యే టైముకి, వాడే 2π రూట్ l బై g అనే సూత్రం చిన్న కోణానికే, 5 డిగ్రీలకైతే పీరియడ్‌లో తేడా 0.05 శాతం, 30 డిగ్రీలకి 1.7 శాతం, g లెక్కలో పీరియడ్‌ని స్క్వేర్ చేస్తాం కాబట్టి g మూడున్నర శాతం తగ్గిపోతుంది, అంటే సరిగ్గా మా 9.46. నేను ఆ రోజు రబ్బరుతో చెరిపేసింది పెద్ద కోణాలకి అసలు పీరియడ్ చెప్పే ఎలిప్టిక్ ఇంటిగ్రల్‌ని అన్నమాట. అదే ఏడు మ్యాథ్స్ క్లాసులో ఆ చాప్టర్ చెప్పారు కూడా, రెండూ ఒకటేనని నాకు తట్టలేదు.

అందుకే థియరీయా ఎక్స్‌పెరిమెంటా అనే ప్రశ్న దగ్గర మరీ బుర్ర పాడుచేసుకోకు. లెక్కకీ కొలతకీ కుదరనప్పుడు ఆ తేడాతో నెలల తరబడి కాపురం చెయ్యగలవా లేదా, అది చూసుకో. 2012 జూన్ 6 పొద్దున్న నిన్ను నిద్రలేపి మా డాబా ఎక్కించా గుర్తుందా, బైనాక్యులర్‌తో సూర్యుణ్ణి తెల్ల కాయితం మీద పడేసి సూర్యుడి ముందునుంచి దాటుతున్న శుక్రుడి చుక్క చూసాం, దాన్నే ట్రాన్సిట్ అంటారు. పది దాటాక అది అంచుకి తగిలే క్షణాన్ని నేనూ మీ నాన్నా చెరో వాచీతో నోట్ చేసాం, ఒకే కాయితం చూస్తూ ఇద్దరికీ పదిహేను సెకన్లు తేడా! చుక్క అంచు దగ్గరికొచ్చేసరికి నల్లటి తోకలా సాగి అతుక్కుంటుంది, ఎక్కడ తగిలిందో తెలీదు. దాన్నే బ్లాక్ డ్రాప్ అంటారు, 1874లో ఇలాంటి ట్రాన్సిట్‌తోనే భూమికీ సూర్యుడికీ దూరం తేల్చాలని దేశాలన్నీ టెలిస్కోపులు బిగించుకుని కూర్చుంటే అందర్నీ ఏడిపించింది ఇదే. అప్పుడు మన వైజాగ్‌లో డాబాగార్డెన్స్ దగ్గర గోడే వెంకట జగ్గారావు గారు పెట్టిన అబ్జర్వేటరీ ఉండేది, ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు అక్కణ్ణించే ఆ ట్రాన్సిట్ చూసారు. ఏవీఎన్ కాలేజీ అంటాం చూడు, ఆ ఏవీఎన్ ఈయనే, సి.వి. రామన్ వాళ్ళ నాన్నగారు పాఠాలు చెప్పిందీ ఆ కాలేజీలోనే. రోజూ ఆ రోడ్డు మీద ఆటో ఎక్కేవాళ్ళలో ఎంతమందికి తెలుసో! ఇంక మళ్ళీ శుక్రుడి ట్రాన్సిట్ 2117లోనే, మనిద్దరం ఉండం.

మెకానిక్స్ అంటే పాతబడిపోయింది కదా అన్నావు, అది మాత్రం నాకు నచ్చలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి హార్బర్‌లోకొచ్చే ఓడ ఉంది చూడు, డిజైన్ చేసేటప్పుడు దాని బుల్లి మోడల్ని పొడవాటి నీళ్ళ ట్యాంకులో లాగి చూస్తారు, మన ఎన్‌ఎస్‌టీఎల్‌లో (నేవీ కోసం పనిచేసే ల్యాబ్) ఉన్నది అలాంటిదే. వంద మీటర్ల ఓడకి నాలుగు మీటర్ల మోడల్ అనుకో, అలలు అచ్చం అలాగే లేవాలంటే వేగాన్నీ పొడవునీ కలిపి చూసే ఫ్రూడ్ నంబర్ కలవాలి, అంటే వేగం అయిదో వంతు చాలు. కానీ అదే నీళ్ళలో అలా లాగితే నీటి రాపిడి తీరు చెప్పే రేనాల్డ్స్ నంబర్ 125 రెట్లు తక్కువైపోతుంది, రెండూ ఒకేసారి కుదరవు. అందుకని మోడల్ మీద మొత్తం డ్రాగ్, అంటే నీళ్ళు అడ్డుకునే బలం, ట్యాంకులో కొలిచి అందులోంచి రాపిడి లెక్క తీసేసి అలల వంతు తేలుస్తారు, అసలు ఓడకి నీటి రాపిడి వేరే లెక్క కట్టి కలుపుతారు. ఇప్పుడు చెప్పు, ఇది థియరీయా ఎక్స్‌పెరిమెంటా?

కంప్యూటర్ మీద చేస్తా అంటావా, అక్కడా ఇదే గొడవ. ఈ వారం ఒక పని చెయ్యి, సూర్యుడి చుట్టూ భూమి తిరిగే కోడ్ పైథాన్‌లో మామూలు ఆయిలర్ మెథడ్‌తో (ఇప్పటి వేగం పట్టుకుని తర్వాతి స్టెప్‌కి దూకడం) రాయి. భూమి మెల్లగా బయటికి జారిపోతూ ఉంటుంది, ఫిజిక్స్ తప్పేం లేదు, ఒక్కో స్టెప్‌కీ ఎనర్జీ కాస్త పెరుగుతుంది అంతే. అదే లీప్‌ఫ్రాగ్‌తో (స్థానాన్నీ వేగాన్నీ అర స్టెప్పు తేడాతో మార్చి మార్చి లెక్కెయ్యడం) రాస్తే ఎనర్జీ అటూ ఇటూ ఊగుతుంది గానీ పారిపోదు. ఏ సిమ్యులేషన్ అయినా బొమ్మ అందంగా వచ్చిందని మురిసిపోకుండా ముందు ఎనర్జీ, యాంగ్యులర్ మొమెంటం మారకుండా ఉంటున్నాయో లేదో ప్లాట్ చేసి చూడు.

గైడ్ సంగతి. పేరు చూసి వెళ్ళకు, ఆయన దగ్గర చేసి బయటికొచ్చిన ఇద్దరు ముగ్గురితో విడివిడిగా మాట్లాడు, ఎన్నేళ్ళు పట్టింది, రిజల్ట్ రానప్పుడు ఆయన ఏమన్నారు అని అడుగు. రెండోది ముఖ్యం. నెట్, జెస్ట్ లాంటి పరీక్షలు ఎలాగూ రాస్తావు, దాని గురించి నేను చెప్పేదేం లేదు.

నోట్‌బుక్ పెన్నుతోనే రాయి. తప్పనిపిస్తే ఒక్క గీత కొట్టు, కింద అంకె కనపడాలి, పక్కన డేటూ కారణమూ ఉండాలి.

ఇంకోటి, నీకిచ్చిన నా చిన్న టెలిస్కోపు బీరువాలో పెట్టావని మీ అమ్మ చెప్పింది. వద్దే తల్లీ, మన వైజాగ్ గాలికి లెన్సు మీద ఫంగస్ పట్టేస్తుంది, నాది ఒకటి అలాగే పోయింది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలేసి పెట్టు. డిసెంబర్లో అరకు వెళ్దాం, ఇక్కడ పోర్టు లైట్లకి ఏం కనపడదు. ఈలోగా ఆ ఆయిలర్ ప్లాట్ వాట్సాప్ చెయ్యి, పదేళ్ళు తిప్పితే భూమి ఎక్కడిదాకా పోయిందో చూద్దాం.

మావయ్య